సముద్రం అడుగున గనులు: మిషన్ దించడం సరే, రాయి పైకి తేవడం ఎలా?

బరంపురం_బుల్లోడు:
మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర మన దేశానికి అన్వేషణ హక్కులున్నాయి. అడుగున గుప్పిట్లో పట్టేంత రాతి ముద్దలు, వాటిలో మాంగనీసు, నికెల్, కోబాల్ట్, రాగి. 2021లో వరాహ అనే మన తవ్వే యంత్రం 5,270 మీటర్ల లోతులో నడిచి చూపించింది కూడా. ఇంకా ఎందుకీ తాత్సారం? మన ఛత్రపురం తీరం ఇసుకలోంచి ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం తీయట్లేదా?

గోపాలపూర్_తెప్ప:
తమ్ముడూ, ఛత్రపురంలో మిషన్ ఆగితే మెకానిక్ బండేసుకుని వస్తాడు. అక్కడికి ఎవరొస్తారు? నేల దమ్ము చేసిన మడిలా ఉంటుంది, బరువెక్కువైతే మిషన్ దిగబడుతుంది, తగ్గిస్తే పట్టు దొరకదు. జీపీఎస్ నీళ్లలో అందదు, ఎక్కడున్నామో తెలియాలంటే శబ్దమే దిక్కు, అది పైకి రావడానికే మూడు సెకన్లు దాటుతుంది. ఇవన్నీ ఎలాగోలా అవుతాయనుకో. అసలు తిప్పలు పైపుతో. ఓడ నుంచి ఐదు కిలోమీటర్ల పైపు వేలాడాలి, పైన అల ఓడని ఎత్తి కుదేస్తుంటే ఆ కుదుపంతా పైపు మీదే, అందులోంచే రాళ్లూ నీళ్లూ కలిపి పంపు లాగుతుండాలి, నడిమధ్యలో పంపు ఆగిందా, పైకొస్తున్న రాళ్లన్నీ కిందికి జారి పైపు బిగుసుకుపోతుంది. 1978లోనే పసిఫిక్‌లో వందల టన్నులు పైకి తెచ్చారు. అయినా ఈరోజుకీ అది వ్యాపారం కాలేదంటే ఊరికే కాదు.

పర్లాకిమిడి_మాస్టారు:
మనుషుల్నే అడుగున ఉంచితే రిపేర్లు అయిపోతాయనే వాళ్లకి ఒక మాట. ఫ్లోరిడా దగ్గర అక్వేరియస్ అనే నీటి అడుగు ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు రోజుల తరబడి ఉన్నారు, నిజమే. కానీ అది ఇరవై మీటర్ల లోతు, దానికే పైకి వచ్చేముందు గంటల తరబడి ఒత్తిడి మెల్లగా తగ్గించాలి. ఐదు వేల మీటర్ల దగ్గర ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 500 రెట్లు! మనుషుల్ని లోతుకి దించడానికి మన దేశం తయారుచేస్తున్న మత్స్య 6000కి 80 మిల్లీమీటర్ల మందం టైటానియం గోళం కావాలి, లోపల ముగ్గురు, మామూలుగా 12 గంటలు. తలుపు తీసుకుని వెళ్లి నట్టు బిగించి వచ్చే పని కాదు బాబూ.

రుషికుల్య_రాణి:
మరి మా రుషికుల్య తీరానికి వచ్చే తాబేళ్ల సంగతేంటి మాస్టారూ? బురదంతా లేస్తే గుడ్లు పెట్టడానికి వస్తాయా?

పర్లాకిమిడి_మాస్టారు:
అమ్మా, ఆ తవ్వే చోటు భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది, ఆ బురద మన తీరానికి రాదు. భయపడాల్సింది వేరే. ఆ ముద్ద కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్లు పడుతుంది, దాన్ని అంటిపెట్టుకుని బతికే జీవాలు రాయితో పాటే పోతాయి.

బరంపురం_బుల్లోడు:
కేజీ బేసిన్‌లో సముద్రం అడుగు నుంచి పైపుల్లోనే కదా అన్నా గ్యాస్ వస్తోంది?

గోపాలపూర్_తెప్ప:
గ్యాస్ తన ఒత్తిడితో తనే తన్నుకొస్తుంది. రాయి రాదు. టన్ను రాయి పైకి లాగడానికి ఓడలో ఎంత డీజిల్ కాలుతుందో లెక్కేసి పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.