కైరో విశ్వవిద్యాలయం పుట్టింది 1908లోనా, 1925లోనా?

ప్రశ్న (ద్వారకానగర్ పాఠకురాలు):
ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల సందర్భంగా, దాదాపు అదే కాలంలో రూపుదిద్దుకున్న ఇతర దేశాల విశ్వవిద్యాలయాల గురించి మా పాఠకుల బృందంలో నెలకొకరం మాట్లాడుతున్నాం. ఈ నెల వంతు నాది, విషయం కైరో విశ్వవిద్యాలయం. నోటీసు బోర్డు మీద అంటించిన కాగితంలో నేను "స్థాపన 1925" అని రాశాను. మర్నాడు చూస్తే దాని కింద ఎవరో పెన్సిల్‌తో "1908 కాదా?" అని రాసి ఉంచారు. పుస్తకాలు తిరగేస్తే రెండు సంవత్సరాలూ కనిపిస్తున్నాయి. దేనిని నమ్మాలి?

జవాబు 1 (పెదవాల్తేరు, విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు):
అమ్మా, నేను పెన్సిల్ పట్టినవారి పక్షమే. 1908 డిసెంబరు 21న "ఈజిప్టు విశ్వవిద్యాలయం" అన్న పేరుతో తలుపులు తెరిచింది ప్రధానంగా ప్రజల చందాలతో నడిచిన సంస్థ. 1907 వరకు ఈజిప్టును నిజంగా ఏలిన బ్రిటిష్ ప్రతినిధి లార్డ్ క్రోమర్‌కు ఈ ఆలోచన ఎంతమాత్రం రుచించలేదు. అంతకు ముందు వైస్రాయి కొలువులో మన దేశపు ఆర్థిక వ్యవహారాలు చూసి వెళ్లిన ఆయన, ఉన్నత విద్య ఆందోళనకారులను తయారుచేస్తుందనడానికి ఇండియానే ఉదాహరణగా చూపేవాడు. అయినా 1906 అక్టోబరులో సాద్ జగ్లుల్ అనే నాయకుడి ఇంట్లో పెద్దలు సమావేశమై చందాల జాబితా తెరిచారు. ఆ నెలలోనే జగ్లుల్ విద్యామంత్రి కావడంతో భారం కాసిం అమీన్ అనే రచయిత మీద పడింది. పాపం, ఆయన ప్రారంభోత్సవాన్ని చూడకుండానే 1908 ఏప్రిల్‌లో కన్నుమూశాడు.

సొంత భవనం లేక, ఒక గ్రీకు సిగరెట్ల వ్యాపారి భవంతిని అద్దెకు తీసుకుని అందులో పాఠాలు చెప్పారు. డబ్బు కటకటలాడుతున్న సమయంలో ఖెడివ్ (ఈజిప్టు పాలకుడి బిరుదు) ఇస్మాయిల్ కుమార్తె, రాకుమారి ఫాతిమా, భవనానికి 6 ఫెద్దాన్ల స్థలం, నిర్వహణకు 661 ఫెద్దాన్ల భూమి రాసిచ్చి, తన నగలను కూడా ఇచ్చేసింది (ఫెద్దాన్ మన ఎకరం కంటే కాస్త పెద్దది). ఏటా లక్ష రూపాయలిచ్చిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మను తలచుకునే మన విశాఖవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. చిన్నతనంలోనే చూపు పోగొట్టుకున్న తాహా హుసేన్ అనే పల్లెటూరి యువకుడు 1914లో ఈ విశ్వవిద్యాలయపు మొదటి డాక్టరేటు అందుకున్నాడు. ఇదంతా జరిగాక 1925లో పుట్టిందంటే ఎలా?

జవాబు 2 (ఎంవీపీ కాలనీ):
మాస్టారి మాట కాదనలేను గానీ, 1925 మార్చిలో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వును అంత తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ చందాల సంస్థలో వైద్యమూ లేదు, విజ్ఞానశాస్త్ర విభాగమూ లేదు. 1925లో ప్రభుత్వం దానిని సాహిత్య విభాగంగా స్వీకరించి, అప్పటికే విడిగా ఉన్న వైద్య, న్యాయ పాఠశాలలను కలిపి, విజ్ఞానశాస్త్ర విభాగాన్ని కొత్తగా తెరిచింది. వైద్య పాఠశాల అయితే 1827 నాటిది, అంటే తల్లి కంటే బిడ్డే ముందు పుట్టినట్టు. ఇంజనీరింగు, వ్యవసాయం, వాణిజ్యం 1935లో చేరాయి. గీజాలో ప్రాంగణానికి శంకుస్థాపన 1928లో జరిగింది. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే గుమ్మటం, గడియార స్తంభం ఆ తర్వాతివే.

సర్కారు సొమ్ముతో పాటు సర్కారు చెయ్యి కూడా లోపలికి వచ్చింది. 1932లో సాహిత్య విభాగాధిపతిగా ఉన్న తాహా హుసేన్‌ను, విశ్వవిద్యాలయాన్ని అడగనైనా అడగకుండా, విద్యాశాఖకు బదిలీ చేశారు. దానికి నిరసనగా రెక్టరు (విశ్వవిద్యాలయాధిపతి) అహ్మద్ లుత్ఫీ అల్ సయ్యద్ రాజీనామా చేశాడు. అంతకు రెండేళ్ల ముందే, 1930లో, ఉద్యమకారులపై ప్రభుత్వ దమననీతికి నిరసనగా మన కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష (వైస్ ఛాన్సలర్) పదవి వదులుకున్నారు. ఇద్దరూ తర్వాత తమ తమ పదవులకు తిరిగి వచ్చారు. మీ ప్రసంగంలో సంవత్సరాల లెక్క కంటే ఈ పోలికకే ఎక్కువ సమయం ఇవ్వమని నా మనవి.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. విస్తరణ గురించి కూడా రెండు ముక్కలు చెబుతారా?

జవాబు 3 (గాజువాక):
శాఖలుగా మొదలై, విడిపోయి పెరగడమే దాని పద్ధతి. 1942లో అలెగ్జాండ్రియా శాఖ విడిపోయింది. 1955లో సూడాన్‌లోని ఖార్తూమ్‌లో శాఖ తెరిచారు. 1960ల ఆరంభంలో అధ్యక్షుడు నాసర్ ప్రభుత్వం ఫీజులు ఎత్తివేయడంతో చేరేవారి సంఖ్య విపరీతంగా పెరిగి, తరగతి గదులు ఇరుకైపోయాయి. ఫయ్యూమ్, బెనీ సుయెఫ్ శాఖలు 2005లో స్వతంత్ర విశ్వవిద్యాలయాలయ్యాయి. 1906లో మొదటి చందాగా 500 పౌన్లు ప్రకటించిన భూస్వామిది ఆ బెనీ సుయెఫే. మన దగ్గర గుంటూరు కేంద్రం నాగార్జున విశ్వవిద్యాలయంగా మారిన తీరు గుర్తుకొస్తుంది.

ఇంకొకటి. మీ కాగితం మీద శీర్షికను కూడా ఒకసారి చూసుకోండి. 1940లో ఆ సంస్థకు ఫువాద్ రాజు పేరు పెట్టారు. రాచరికం కూలిన తర్వాత, 1953లో గానీ "కైరో విశ్వవిద్యాలయం" అన్న పేరు రాలేదు.