మొదటి కల్పిత భాషకు వ్యాకరణం: తెలుగు పునాది మీద కట్టాలా, తెలుగుకు దూరంగా జరగాలా?

కొత్తకలం:
అందరికీ నమస్కారం. ఒక నవల రాస్తున్నాను. అందులో నది మధ్య లంకల్లో బతికే పడవవాళ్లు ఉన్నారు. వాళ్లకు సొంత భాష ఉండాలని ఆర్నెల్లుగా కూర్చుని కడుతున్నాను. ఇదే నా మొదటి భాష. నాలుగు వందల మాటలు పుట్టించాను, పన్నెండు కాలాలు పెట్టాను. నిన్న మా అక్కకు ఒక వాక్యం చూపించాను: "లో తెన్ వ షుమ్". లో అంటే వాడు, తెన్ అంటే కలిగి ఉండటం, వ అంటే ఒక, షుమ్ అంటే పడవ. అక్క చూసి, "ఇది ఇంగ్లీషే కదరా, మాటలు మార్చావంతే" అంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. అంతా చెరిపేసి తెలుగు పద్ధతిలో కట్టనా? లేక రెండు భాషలకూ దూరంగా వెళ్లనా?

గోదారిగట్టు:
మీ అక్కగారు సరిగ్గా పట్టుకున్నారు. "నేను పడవను కలిగి ఉన్నాను" అని ఏ ఇంట్లోనూ అనరు, "నాకు పడవ ఉంది" అంటారు. ఆ పన్నెండు కాలాలు కూడా బడిలో చదివిన ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలోవే. మనకు తెలుగు క్లాసులో సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పారు. వాక్యాన్ని విప్పి చూడటం మాత్రం ఇంగ్లీషు క్లాసులోనే నేర్చుకున్నాం. అందుకే తెలుగువాళ్లు భాష కట్టబోతే ముందు ఇంగ్లీషే బయటికొస్తుంది. ఇది మీ ఒక్కరి తప్పు కాదు.

నా మాట: తెలుగు పునాది మీద కట్టండి. అయితే తెలుగును ముందు కొత్తగా చూడండి. మనకు ఆకలి "వేస్తుంది", మనం దాన్ని చేయం. "వస్తాను"కు కాదనే మాట వేరే పదం అక్కర్లేకుండా "రాను" అయిపోతుంది. "ఆమె వచ్చింది, పడవ వచ్చింది" అని ఆడమనిషికీ వస్తువుకీ ఒకే క్రియ వాడతాం, బహువచనంలోకి రాగానే ఆడవాళ్లు "వచ్చారు" అని మగవాళ్లతో చేరిపోతారు. రెండు పడవలు అంటాం కానీ రెండు మనుషులు అనం, ఇద్దరు మనుషులు అంటాం. ఇక్కడ ఆగి మీ లంకవాళ్లను అడగండి: వాళ్లు పడవను దేనితో కలిపి లెక్కపెడతారు? పడవే ఇల్లూ తోడూ అయినవాళ్లు "ముగ్గురు పడవలు" అనరా?

పాతపుస్తకం:
ఆ చివరి ఆలోచన చాలా బాగుంది. కానీ మొత్తం మీద నేను ఒప్పుకోను. మాటలు మార్చిన ఇంగ్లీషు ఎంత బోలో, మాటలు మార్చిన తెలుగూ అంతే బోలు. మార్క్ ఒక్రాండ్ స్టార్ ట్రెక్ సినిమాల్లోని గ్రహాంతరవాసులకు క్లింగన్ భాష కట్టినప్పుడు (నిఘంటువు 1985లో వచ్చింది) కర్మ, క్రియ, కర్త అనే వరుస కావాలనే ఎంచుకున్నాడు, ప్రపంచ భాషల్లో అది చాలా అరుదు కాబట్టి. "లార్డ్ ఆఫ్ ద రింగ్స్" రాసిన టోల్కీన్ ఇంగ్లీషువాడే అయినా ఫిన్నిష్ వ్యాకరణం మీద మోజుతో తన కథల కోసం క్వెన్యా అనే భాష అల్లాడు. ఇద్దరూ ఇల్లు దాటి వెళ్లారు. ఉదాహరణకు టర్కిష్ చూడండి. "వచ్చాడు" అనడానికి గెల్ది, గెల్మిష్ అని రెండు రూపాలున్నాయి. మొదటిది నాకు స్వయంగా తెలిసిన సంగతి, రెండోది విన్నది. అలాంటివి మన ఇంట్లో కూర్చుంటే దొరకవు.

గోదారిగట్టు:
దొరకకపోవడమేమిటండీ? "వచ్చాడట". ఆ "ట" ఎక్కడిది?

క్లింగన్ వరుస సంగతీ అంతే. "అన్నం తిన్నాడు వాడు" అని మనం రోజూ అంటాం. ఇంగ్లీషు చెవికి వింత అయినది మనకు ఒత్తి పలకడం మాత్రమే. 2009లో వచ్చిన "అవతార్" సినిమా కోసం పాల్ ఫ్రోమర్ కట్టిన నావి భాషలో "మనం", "మేము" వేరువేరు. ఇంగ్లీషువాళ్లకు అది కొత్త. మన పిల్లలకు పుట్టుకతో వచ్చేదే. దూరం అనేది ఎక్కడ నిలబడి కొలుస్తున్నామో దాన్నిబట్టి ఉంటుంది.

వలసపక్షి:
పుట్టుకతో వచ్చినా నిలవాలిగా. మా పిల్లలు అమెరికాలో పెరిగారు. ఇంటికొచ్చిన చుట్టాలతో "మనం కొత్త ఇల్లు కొన్నాం" అంటారు. చుట్టాలు నవ్వుతారు, నాకు మనసులో కలుక్కుమంటుంది. ఆ ఒక్క మాటలో ఇంత తేడా ఉందని పిల్లలకు చెప్పబోతేనే నాకూ మొదటిసారి తెలిసింది.

పాతపుస్తకం:
"ట" సంగతి ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. కానీ ఒక తేడా ఉంది, అసలు విషయం అక్కడే ఉందని నా నమ్మకం. తెలుగులో "ట" తీసేసినా వాక్యం నిలుస్తుంది. టర్కిష్‌లో జరిగిపోయిన సంగతి చెప్పాలంటే ఆ రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. భాషలో ఏది చెప్పవచ్చు అన్నది కాదు, ఏది చెప్పకుండా నోరు కదలదు అన్నదే వ్యాకరణం. కొత్తకలం గారూ, పట్టికలు పక్కన పెట్టి, తెలుగు బలవంతం చేయని ఒక్క విషయాన్ని మీ భాష బలవంతం చేసేలా పెట్టండి.

ఇసుకతిన్నె:
ఇంకో గొడవ కూడా తేల్చుకోవాలి: మినహాయింపులు. జామెన్‌హాఫ్ అనే ఆయన 1887లో వార్సాలో ఎస్పరాంటో అనే కల్పిత భాషను 16 నియమాలతో బయటపెట్టాడు. నామవాచకాలన్నీ "ఓ"తో ముగుస్తాయి, దారి తప్పే క్రియ ఒక్కటీ లేదు. వేరువేరు భాషలవాళ్లు త్వరగా నేర్చుకోవాలన్నది ఆయన కోరిక, దానికి అది సరిపోయింది. అంత సూటి భాషలోనూ కర్మకు "న్" తగిలించడం దండగ అని కొందరు పట్టుబట్టారు, ఎస్పరాంటోను సవరించి కట్టగా 1907లో వచ్చిన ఇడో భాష దాన్ని చాలావరకు వదిలేసింది. మన బాహుబలిలో కాలకేయులకు మదన్ కార్కీ కట్టిన కిలికి కూడా దాదాపు 750 మాటలు, 40 నియమాలతో మొదలైంది. తెర మీద వినిపించడానికి అది చాలు.

నవలలో జాతికి మాత్రం తరాల చరిత్ర ఉంటుంది. గోడకు, చెట్టుకు అంటాం. మరి ఇల్లు? ఇంటికి. కన్ను? కంటికి. నోరు? నోటికి. నియమం తప్పినవి ఎలాంటి మాటలో చూడండి. ఇల్లు, కన్ను, నోరు. రోజూ నోట్లో నానే మాటలు పాత రూపాన్ని అంత తేలిగ్గా వదలవు. మీరు కూడా మినహాయింపులను పడవ, నీరు, అమ్మ లాంటి ఐదారు మాటలకే ఇవ్వండి. ఎప్పుడో ఒకసారి వచ్చే మాటకు ఇస్తే అతికించినట్టు కనిపిస్తుంది.

కొత్తకలం:
మూడు రోజులుగా ఇవే చదువుతూ మళ్లీ రాశాను. పన్నెండు కాలాలూ కొట్టేశాను. "కలిగి ఉండటం" పోయింది. పడవలను మనుషుల లెక్కతోనే లెక్కపెడతారు. జరిగిపోయినదానికి రెండు రూపాలు, ఏదో ఒకటి వాడక తప్పదు. "లోమి షుమ్ కెర" అంటే వాడికి పడవ ఉండేది, నేను చూశాను. "లోమి షుమ్ కెవ" అంటే ఉండేదట.

అక్కకు చూపించాను. ఈసారి ఇంగ్లీషు అనలేదు. కానీ నవలలో ఒక చోట ఇరుక్కుపోయాను. ఒక పడవ రాత్రి మునిగింది. ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు. తెల్లారి తెడ్డు ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తల్లి ఆ తెడ్డు చూసి చెప్పాలి. చూసిన రూపమా, విన్న రూపమా?

పాతపుస్తకం:
టర్కిష్‌లో అయితే ఆనవాలు చూసి ఊహించినదానికీ "మిష్" రూపమే వాడతారు. కాబట్టి "కెవ" వరసే చాలు. మొదటి భాషకు రెండు రూపాలే ఉంచండి, మూడోది పెడితే మళ్లీ పట్టికలు మొదలవుతాయి.

గోదారిగట్టు:
నేను మూడోది పెట్టమంటాను. తెలుగులో ఆ తల్లి "మునిగిందట" అనదు. "మునిగినట్టుంది" అంటుంది. సాయంత్రం పొరుగామె ఇంకొకరితో "మునిగిందట" అంటుంది. ఆ ఇద్దరి నోటా ఒకే రూపం పలికించకండి.