లండన్ మిథ్రేయం: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

కొత్తగా_వచ్చా:
లండన్ సిటీలో బ్లూమ్‌బర్గ్ ఆఫీసు కింద రోమన్ల కాలం నాటి మిథ్రాస్ అనే దేవుడి గుడి ఉందట. శనివారం అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్నకి మోకాళ్ల నొప్పులు. టికెట్ ఎంత? మెట్లు చాలా ఉంటాయా? అంత దూరం వెళ్లి చూడాల్సినంత ఉందా? ఇంకోటి, ఈ మిథ్రాస్ మన వేదాల్లో మిత్రుడేనా?

రాళ్లూ_రప్పలూ:
ప్రవేశం ఉచితమండి. శనివారం కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ తీసుకోండి. సోమవారం సెలవు. గుడి వీధి మట్టానికి 7 మీటర్ల లోతున ఉంది. లిఫ్ట్ ఉంది కాబట్టి నాన్నగారికి ఇబ్బంది లేదు. అసలు మోకాళ్ల కష్టమంతా బ్యాంక్ స్టేషన్‌లోనే. నార్తర్న్ లైన్ మెట్రోలోగానీ డీఎల్‌ఆర్ అనే తేలికపాటి రైల్లోగానీ వచ్చి, కానన్ స్ట్రీట్ వైపు కొత్త ద్వారం నుంచి లిఫ్ట్‌లో పైకి రండి. వేరే ఎగ్జిట్ పడితే సొరంగాల్లో చాలా నడవాలి.

మొత్తం 45 నిమిషాలు, తీరిగ్గా చూస్తే గంట. గుడి గదిలోకి బ్యాచ్‌లుగా పంపుతారు. లోపల చీకటి, పొగమంచు, లాటిన్‌లో మాటలు, వెలుతురుతో స్తంభాలున్నట్టు భ్రమ. చీకట్లో అడుగు తడబడుతుంది, పెద్దవాళ్లని ఓ పక్కన నిలబెట్టండి. గోడలు సరిగ్గా కనపడేది లైట్లు వెలిగాకే, కాబట్టి షో అవ్వగానే బయటికి వచ్చేయకండి.

సున్నం_ఇటుక:
చాలామంది నిరాశపడే చోటు ముందే చెప్తాను. 1954లో దొరికిన పాలరాతి మిథ్రాస్ తల, మినర్వా, సెరాపిస్ అనే దేవతల తలలు ఇక్కడ లేవు. అవి లండన్ మ్యూజియం సొత్తు. దాని పాత భవనం 2022 డిసెంబర్‌లో మూసేశారు, స్మిత్‌ఫీల్డ్‌కి మారుతోంది. అక్కడికీ వెళ్లాలనుకుంటే తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి.

ఇక్కడ చూడాల్సింది కట్టడమే. సుమారు క్రీ.శ. 240లో కట్టారు. పొడవు 18 మీటర్లు, వెడల్పు 8, పడమటి కొసన అర్ధచంద్రాకారపు గర్భగుడి. నేల మీద రెండు వరసల్లో ఏడేసి స్తంభాల ఆనవాళ్లు లెక్కపెట్టండి. తవ్వకంలో బయటపడ్డాక రాళ్లు ఊడదీసి, 1962లో వంద మీటర్ల అవతల, వీధి మట్టం కంటే ఎత్తులో మళ్లీ పేర్చారు. సిమెంటు గార, మధ్యలో పిచ్చి పలకల నేల: గుడి కాదు, పార్కులో అరుగులా ఉండేది. 2017లో తెరిచిన ఇప్పటి కూర్పులో సిమెంటు తీసేసి, పాత గార నమూనాలకు రంగు సరిపోయేలా సున్నపు గార వాడారు. చోటు కూడా అసలు చోటుకి దాదాపు దగ్గరే. కాబట్టి 'అంతా కొత్తదే కదా' అనేవాళ్లది సగమే నిజం.

పాత_దినారం:
పై అంతస్తులో గోడ నిండా దాదాపు 600 వస్తువులుంటాయి. పిల్లలైతే గ్లాడియేటర్ శిరస్త్రాణం ఆకారంలో ఉన్న చిన్న అంబర్ తాయెత్తు దగ్గర ఆగిపోతారు. నన్నడిగితే ముందు చెక్క పలక వెతకండి. క్రీ.శ. 57 జనవరి 8 తేదీతో ఉన్న ప్రామిసరీ నోటు అది! టిబుల్లస్ అనే విముక్త బానిస, గ్రాటస్ అనే మరో విముక్త బానిసకి, కొన్న సరుకు తాలూకు 105 దినారాలు (రోమన్ వెండి నాణేలు) బాకీ ఉన్నానని రాసిచ్చాడు. మన దీనారం మాటకు మూలం ఆ నాణెమే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో కుప్పగా దొరికిన రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలూ దినారాలే.

పలక మీద మైనం పూసి, ఇనుప ఘంటంతో రాసేవారు. మైనం పోయింది. గట్టిగా నొక్కినచోట చెక్కకి తగిలిన గీతలు మిగిలాయి. వాల్‌బ్రూక్ వాగు బురదలో గాలి ఆడక చెక్క కుళ్లలేదు. దొరికిన పలకలు 405, చదవగలిగినవి 80 పైచిలుకు. ఒకే పలకకి మళ్లీ మళ్లీ మైనం పూసి రాయడంతో గీత మీద గీత పడింది. ఒక్కో దిక్కు నుంచి ఏటవాలుగా వెలుతురు వేసి, ఫొటోలు తీసి విడదీశారు.

మిత్రుడి సంగతి: పేరు వరకు చుట్టరికం నిజం. వేదాల మిత్రుడు, ఇరాన్ మిథ్ర ఒకే మూలం, రోమన్లు తీసుకున్నది ఇరాన్ పేరు. కానీ గుహలో ఎద్దుని చంపే ఘట్టం, ఏడు మెట్ల దీక్షలు రోమన్ సామ్రాజ్యంలోనే కనిపిస్తాయి. వేదాల్లో ఆ కథ లేదు. 'మన దేవుడి గుడే' అని వాట్సాప్‌లో పెట్టకండి, దయచేసి.

కొత్తగా_వచ్చా:
వాట్సాప్ స్టేటస్ రెడీగా ఉండింది, తీసేశా. గంటలో అయిపోతే మిగతా పూట ఏం చేయాలి?

రాళ్లూ_రప్పలూ:
పది నిమిషాల నడకలో గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీ. దాని నేలమాళిగలో రోమన్ ఆంఫీథియేటర్ (పోటీలు జరిగే గుండ్రటి మైదానం) గోడలు, చెక్క మురుగుకాలువ ఉన్నాయి. లోపలికి వెళ్లేముందు ముంగిట్లో నేల చూడండి, ఆంఫీథియేటర్ హద్దుని నల్లరాతి వంపుతో గుర్తుపెట్టారు. దాని మీద నడిస్తే ఎంత పెద్దదో అర్థమవుతుంది. నాన్నగారికి ఓపిక తగ్గితే అది మాత్రం చూసి తిరిగొచ్చేయండి.