పొర్లుగొట్టమా, తూమా, అలుగా?

రీఫ్ అక్వేరియంలో (పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో) పైతొట్టి నీటిని కింది సంపులోకి చప్పుడు లేకుండా దించే గొట్టాలను తెలుగులో ఏమనాలని అడిగిన ప్రశ్నకు, పలువురు మిత్రులు ‘పొర్లుగొట్టం’ అన్న మాటను సూచించారు. మాట వినసొంపుగానే ఉంది. అయితే ఆ ఏర్పాటులోని రెండు మూడు గొట్టాలకూ ఇదొక్కటే పేరైతే, వాటిలో ఒకటి నిశ్శబ్దంగా పారుతూ మరొకటి గురగురలాడడానికి కారణమేమిటో ఆ పేరు చెప్పలేదు. మన చెరువుల మాటల్లో ఈ తేడా ముందే ఉంది.

చెరువు నిండాక నిర్ణీత మట్టం దాటిన నీరు పైనుంచి పొర్లిపోయే చోటు అలుగు. నీటి మట్టానికి బాగా దిగువన, కట్ట గుండా పోతూ, మూతతో అదుపు చేసుకోగలిగే దారి తూము. అక్వేరియం పెంచేవారు ‘హెర్బీ’ అని పిలిచే రెండు గొట్టాల పద్ధతిలో, మొదటి గొట్టం మూతి ఎప్పుడూ నీట మునిగే ఉంటుంది. దాని దిగువన బిగించిన గేట్ వాల్వును కొద్దికొద్దిగా తిప్పి, పంపు పైకి తోసినంత నీరే ఆ గొట్టం దించేటట్లు సరిచేస్తారు. గాలి చొరబడే సందు లేనందువల్ల గొట్టం నిండా నీరే సైఫనుగా పారుతుంది. మనకు వినిపించే గురగుర నీటితో కలిసి దిగే గాలిదే కనుక, ఇక్కడ అది పుట్టదు. ఇది అచ్చంగా తూమే. రెండో గొట్టం మూతి నీటి మట్టానికి పైన నిలిచి ఉంటుంది. నత్తో నాచో అడ్డుపడి మొదటిది మూసుకుపోతే, మట్టం పెరిగి నీరు ఇందులోకి దూకుతుంది. ఇది అలుగు, దీని చప్పుడును లోపమనుకోరాదు, యజమానిని లేపడానికే అది ఉన్నది.

చిక్కల్లా ‘బీన్ యానిమల్’ అనే మూడు గొట్టాల పద్ధతిలోని మధ్య గొట్టంతోనే. సైఫను దించగా మిగిలిన కొద్దిపాటి నీరు మాత్రమే మామూలుగా అందులో గోడ వెంట జారుతుంది. మట్టం పెరిగితే, ఆ గొట్టానికి గాలి అందించే సన్నని నాళం కొస నీట మునిగి, గాలి ఆగి, అదే గొట్టం నిండు సైఫనుగా మారిపోతుంది. దీనికి పోలిక వనపర్తి జిల్లా సరళాసాగర్‌లో దొరుకుతుంది. 1959లో ప్రారంభమైన ఆ జలాశయంలో నీరు నిర్ణీత మట్టానికి చేరగానే సైఫన్లు ఎవరూ తెరవకుండానే పనిచేయడం మొదలుపెడతాయి. పత్రికలు కూడా ‘సైఫన్లు తెరుచుకున్నాయి’ అనే రాస్తుంటాయి. కాబట్టి సైఫన్ అన్న మాటను మార్చకుండా, మధ్య గొట్టాన్ని ‘సైఫన్ అలుగు’ అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

— నీరు మొదట పొర్లేది ఈ గొట్టాలు నిలిచి ఉండే పెట్టె అంచు మీదుగా కదండీ? అలుగన్న పేరు దానికే చెల్లాలి. పైగా మా తెలంగాణలో దాన్ని మత్తడి అంటాం. చెరువు నిండితే ‘మత్తడి దుంకింది’ అంటాం.

మీ అభ్యంతరం న్యాయమైనదేనండీ. అంచును అలుగు అనీ, ఆపదలో ఆదుకునే గొట్టాన్ని మత్తడి అనీ పంచుకుంటే రెండు మాటలూ నిలుస్తాయి. రెండూ ఒకే అర్థమున్న మాటలని తెలిసే ఈ సూచన చేస్తున్నాను. ‘దుంకడం’ అన్న క్రియ ఆ గొట్టం చప్పుడుకు చక్కగా అతుకుతుంది. అంచు విషయంలో మాత్రం నీరు దుంకకూడదు: అంచు ఎంత పొడవుగా ఉంటే నీటి పొర అంత పలచనవుతుంది, పెట్టెలోని మట్టం అంచుకు ఎంత దగ్గరగా ఉంటే పడే ఎత్తు అంత తగ్గుతుంది. అందుచేత అంచు మీద నీరు ‘జారుతుంది’ అని రాయడమే మేలు.

— కరెంటు పోయి వచ్చినప్పుడు తూము కాసేపు గురగురలాడుతుంది. అప్పుడూ దాన్ని తూమనే అనాలా?

అనవచ్చు. పంపు ఆగినప్పుడు గొట్టంలోకి చేరిన గాలిని నీరు బయటికి నెట్టేదాకా ఆ గోల తప్పదు. గొట్టం కింది కొస సంపు నీటిలో ఒక అంగుళం మేర మాత్రమే మునిగి ఉంటే గాలి తొందరగా వెళ్లిపోతుంది. లోతుగా ముంచితే సైఫను అందుకోవడానికి ఆలస్యమవుతుంది.