టెన్త్ అయ్యాక సైకాలజీ: బెజవాడ, గుంటూరుల్లో ఎవరైనా పిల్లల్ని చదివించారా?

పటమట అమ్మ
మా పాప సీబీఎస్‌ఈలో టెన్త్ పాసైంది. బైపీసీకి సీటు మాట్లాడుకుని వచ్చాక, ప్లస్ వన్‌లో సైకాలజీ తీసుకుంటానని భీష్మించుక్కూర్చుంది. మా ఆడపడుచు ఫోన్లోనే "పిచ్చాసుపత్రిలో ఉద్యోగం చేయిస్తావా వదినా" అనేసింది. ఇక ఇంట్లో రెండు పార్టీలు. మార్కులు వచ్చే సబ్జెక్టేనా, ఇక్కడ ఏ స్కూళ్లలో ఉంది, చదివాక ఏమవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి, పుణ్యముంటుంది.

బ్రాడీపేట బుల్లోడు
బైపీసీకి అడ్వాన్స్ కట్టేశారా అక్కా? కట్టుంటే దానికి నీళ్లొదులుకోండి. మా తమ్ముడు చేరకుండానే మానేశాడు, రసీదు పట్టుకుని తిరిగి తిరిగి మా నాన్న చెప్పులరిగాయి. ముందు ఆ సంగతి చూసుకోండి, సైకాలజీ ఎక్కడికీ పోదు.

శిరీష గుంటూరు
నేను చదివాను ఆంటీ. సబ్జెక్టు కోడ్ 037. థియరీ 70, ప్రాక్టికల్ 30. ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఒక్కటే, అది చూసి తేలికనుకుని తీసుకున్నవాళ్లు మా క్లాసులో బోల్తాపడ్డారు. పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ పెట్టె దాకా సరదాగానే ఉంటుంది. పన్నెండులో మానసిక రుగ్మతలు, చికిత్సా పద్ధతులు వచ్చేసరికి దగ్గర దగ్గరగా ఉండే వాటికి తేడాలు రాయాలి, ఉదాహరణ ఇచ్చి ఇదేమిటో చెప్పమంటారు. బట్టీ పనిచేయదు. ప్రాక్టికల్‌కి మా మేనత్త కొడుక్కి ఓ టెస్టు ఇస్తుంటే అత్త గుమ్మంలోనే నిలబడి, అయిపోగానే "మా వాడికేమీ లేదుగా?" అంది. అది పిల్లాడి ఆసక్తులు కనుక్కునే టెస్టు! తర్వాత సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీలో సైకాలజీనే డొమైన్ సబ్జెక్టుగా రాసి ఆనర్స్‌లో చేరాను. రోగాల పాఠం చదివిన వారంలో అన్నీ మనకే ఉన్నట్టనిపిస్తాయి, పాపకి ముందే చెప్పండి.

మాస్టారు అవనిగడ్డ
ఈ సబ్జెక్టు గురించి నన్నడగండి. ఏళ్ల తరబడి డీఎస్సీ బ్యాచ్‌లకు చెబుతున్నవాణ్ణి. టెట్‌లో 150కి 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవే (అంటే బోధనా పద్ధతులు). పియాజే దశలు, కోల్‌బర్గ్ నైతిక వికాసం, థార్న్‌డైక్ యత్నదోష అభ్యసనం, కోహ్లర్ చింపాంజీ పేరు సుల్తాన్... నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పాపని డిగ్రీ, బీఈడీ చేయించండి. సర్కారు కొలువు, నిశ్చింత.

క్లినికల్ లక్ష్మీపురం
మాస్టారూ, చింపాంజీ పేరు తెలిసినంత మాత్రాన మనిషి బాధ తెలియదు. అమ్మా, మీ పాపకి మందులు రాసే డాక్టరవ్వాలని ఉందా? అది సైకియాట్రిస్టు. ఎంబీబీఎస్, ఆపైన ఎండీ. దానికి బైపీసీ, నీట్ తప్పవు. మాటలతో, పరీక్షలతో, థెరపీతో చేసే పనైతే సైకాలజీ. ఇందులో డిగ్రీ చేరడానికి ప్లస్ టూలో సైకాలజీ ఉండి తీరాలని చాలా చోట్ల నియమం లేదు. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయాలంటే మాత్రం ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్‌లో పేరుండాలి, అది 1992 నాటి చట్టం. ఇన్నాళ్లూ పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ దానికి రాజమార్గం. 2022లో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి 2025-26 చేరికల దాకా మినహాయింపు ఇచ్చింది. ఇప్పుడు ఆర్‌సీఐ గుర్తింపుతో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్, ఎంఏ క్లినికల్, సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) అని కొత్త దారులు పెట్టారు. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట సీటంటే దేశమంతా పోటీ. పదేళ్ల ముందుచూపు ఉంటేనే దిగండి.

కృష్ణలంక కౌన్సెలర్
అదుగో, వచ్చేశారు. మీరు తప్ప మిగతావాళ్లంతా దొంగలేనా? నేను దూరవిద్యలో, ఇగ్నోలో ఎంఏ సైకాలజీ చేశాను, కౌన్సెలింగ్ స్పెషలైజేషన్, ఇంటర్న్‌షిప్‌తో సహా. స్కూల్లో పిల్లలతో పనిచేస్తున్నాను. రోజూ ఏడ్చే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునేది మేము, రిజిస్టర్ నంబరు కాదు.

క్లినికల్ లక్ష్మీపురం
దొంగలన్న మాట నేననలేదు. కానీ దూరవిద్యలో సైకాలజీ కొత్త చేరికలు 2025 జూలై-ఆగస్టు నుంచి యూజీసీ ఆపేసింది. ఊరికే ఆపిందా?

కృష్ణలంక కౌన్సెలర్
కొత్త చేరికలే ఆపింది. ముందు చదివినవాళ్ల పట్టాలు చించేయలేదు. భర్త ఉద్యోగం ఒక ఊళ్లో, పిల్లలు ఒక ఊళ్లో ఉన్న నాలాంటివాళ్లు ఇంకెలా చదువుతారో చెప్పండి. నాన్నగారు హైదరాబాదులో హాస్టల్ ఫీజు కట్టినవాళ్లకి ఇది అర్థం కాదు.

క్లినికల్ లక్ష్మీపురం
మా నాన్న జోలికి రావద్దు మేడం. ఆత్మహత్య ఆలోచనలున్న పిల్లాణ్ణి ఎప్పుడు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలో పుస్తకంలో చదివితే రాదు, పెద్దల పర్యవేక్షణలో కేసులు చూస్తే వస్తుంది. నా బాధంతా అదే.

ఏలూరు రోడ్ రాజు
మీరిద్దరూ కొట్టుకుంటుంటే మా వీధిలో ఒకాయన వారాంతపు సర్టిఫికెట్ కోర్సుతో బోర్డు కట్టేశాడు. "సైకాలజిస్ట్, హిప్నోటిజం, జ్ఞాపకశక్తి, దాంపత్య సమస్యలు, వాస్తు". కిందే జెరాక్స్ తీయబడును. ఆయన్నెవరడుగుతారు?

మోడరేటర్
ఇంట్లోవాళ్ల ప్రస్తావన తేకండి. రాజు గారూ, బోర్డు ఫొటో తీసేశాను, అందులో ఫోన్ నంబరుంది.

రిటైర్డ్ లెక్చరర్, మొగల్రాజపురం
సైకాలజీ మనకేం కొత్త కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో పారాసైకాలజీకే (టెలిపతీ లాంటి అతీంద్రియ శక్తుల పరిశోధన) విడిగా విభాగం నడిచింది. కోనేరు రామకృష్ణారావు గారు అమెరికాలో డ్యూక్‌లో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినాయన. అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరయ్యారు, 2011లో పద్మశ్రీ. 25 కార్డులు బోర్లించి, ఏ గుర్తుందో చూడకుండా చెప్పమనే ప్రయోగాలు ఆ బడివి. ఇప్పటి పిల్లలకి ఆయన పేరే తెలియదు.

ఏలూరు రోడ్ రాజు
చూడకుండా చెప్పేవాళ్లుంటే నీట్ పేపర్ గురించి అడగండి సార్.

భవానీపురం నాన్న
ఉద్యోగాల సంగతి ఎవరూ ఎత్తలేదు. విశాఖలో కోచింగ్ విద్యార్థిని చనిపోయిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలని చెప్పింది. మన రెండూళ్లలో హాస్టళ్లు లెక్కేసుకోండి, ఎంతమంది కావాలో. అమలంటారా, మావాడు చదివిన కాలేజీలో కౌన్సెలర్ అంటే వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోయిన పిల్లల్ని గదిలోకి పిలిచి మార్కుల షీటు బల్లమీద కొట్టే ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) గారు. మావాడు మూడు రోజులు అన్నం తినకపోతే మాకు ఫోన్ చేసింది వంటమనిషి.

కృష్ణలంక కౌన్సెలర్
ఇలాంటి చోట్లే మేం పనిచేయాల్సింది అన్నా. ఏ పిల్లాడికైనా మరీ కష్టంగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

పటమట అమ్మ
అందరికీ దండాలు. స్కూలు పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

శిరీష గుంటూరు
సబ్జెక్టు ఏటా ఉంటుందని గ్యారంటీ లేదు ఆంటీ, అందుకే పేరు చెప్పడానికి భయం. అడ్మిషన్ కౌంటర్లో కాకుండా లోపలికెళ్లి, సైకాలజీకి సొంత పీజీటీ (ప్లస్ టూకి చెప్పే పీజీ టీచర్) ఉన్నారా, లేక సోషల్ టీచరే చెబుతున్నారా అని అడగండి. టెస్టుల కిట్లు చూపించమనండి. ఎక్కడా కుదరకపోతే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో సీనియర్ సెకండరీకి సైకాలజీ ఉంది, కోడ్ 328.

విశాఖలో ఎమ్మే
ఒక్క మాట. లెక్కలు తప్పించుకోవచ్చని ఈ వైపు వచ్చేవాళ్లు చాలామంది. డిగ్రీ నుంచీ స్టాటిస్టిక్స్ వదలదు: ప్రామాణిక విచలనం, సహసంబంధం, టీ-టెస్ట్. ల్యాబ్‌లోనూ అంతే. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగం ఉంటుంది. చెయ్యి కనపడకుండా అడ్డంగా రేకు, ఎదురుగా అద్దం. మూల దగ్గరికి రాగానే పెన్సిల్ మొండికేస్తుంది, మనం కుడికనుకుంటే అది ఎడమకి పోతుంది. గీత దాటిన ప్రతిసారీ తప్పు, ప్రతి ప్రయత్నానికీ స్టాప్‌వాచ్. కుడిచేతికొచ్చిన నేర్పు ఎడమచేతికెంత వెళ్లిందో చూడాలి. గీయడం పది నిమిషాలు, ఆ అంకెలతో కుస్తీ పది పేజీలు.

పటమట అమ్మ
స్టాటిస్టిక్స్ ఉందా?! మా పాప ఇదంతా నా వెనక నిలబడి చదువుతోంది. "ప్లస్ టూలోనే ఉంటుందా, డిగ్రీలోనా" అని అడగమంటోంది. బైపీసీ ఎందుకొద్దందో, అందులో లెక్కలే లేవు కదా అని నేనడిగితే ఫిజిక్స్ అంది.

మాస్టారు అవనిగడ్డ
అందుకే బీఈడీ అన్నాను మేడం.