ముత్తాత బాప్తిస్మం రాసిన పాత రిజిస్టర్ ఎక్కడ వెతకాలి? (పల్నాడు, లూథరన్)

పల్నాటి_మనవడు:
అందరికీ వందనాలండి. మాది గురజాల వైపు చిన్న పల్లె, నాలుగు తరాల నుంచి లూథరన్ వాళ్లమే. మా ముత్తాత ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నాడో, అంతకుముందు ఆయన పేరేందో కనుక్కుందామని పడ్డా. మా ఊరి గుడి బీరువాలో ఉన్న రిజిస్టరు 1961 నుంచే ఉంది. అంతకుముందువి ఏవంటే ఒకాయన చెదలు తిన్నాయంటాడు, ఇంకొకాయన ఎప్పుడో ఒక పాస్టర్ గారు బదిలీ మీద పోతా పట్టుకెళ్లారంటాడు, మూడో ఆయన అసలు రాస్తే కదా ఉండేదానికి అంటాడు. మా నాయనమ్మ మాత్రం దొరగారు (తెల్ల మిషనరీ) ఇంటి ముందు చాప మీద కూర్చోబెట్టి పళ్లెంలో నీళ్లు పెట్టుకుని ఇచ్చారంట అని చెప్పేది, అదొక్కటే మాకున్న ఆధారం. పైగా తాత పేరు బడి రికార్డులో ఒకటి, గుడిలో ఒకటి, ఊళ్లో పిలిచేది ఇంకొకటి. ఎక్కడ మొదలుపెట్టాలి? మిషన్ వాళ్లది అమెరికా కదా, అక్కడి దాకా మెయిల్స్ పెట్టాల్సిందేనా?

పాతకాగితం:
అమెరికా తర్వాత సంగతి, ముందు మీ పారిష్ సెంటర్‌కి, అంటే చుట్టుపక్కల పల్లెల గుళ్లన్నీ చూసుకునే పాస్టర్ ఉండే ఊరికి వెళ్లండి. ఊరి గుడిలో వెతకడమే చాలామంది చేసే పొరపాటు. ఆ రోజుల్లో పల్లెలో ఉండేది ఉపదేశి ఒక్కడే, పగలు పిల్లలకి అక్షరాలు, రాత్రి ప్రార్థన, అంతవరకే ఆయన పని. బాప్తిస్మం ఇవ్వాలంటే అభిషేకం పొందిన పాస్టర్ గానీ దొర గానీ రావాల్సిందే, వచ్చినాయన తన దగ్గరున్న పుస్తకంలో రాసుకుని దాన్ని తనతోనే తీసుకుపోయేవాడు. అందుకే మీ ఊరి పేరు మీ ఊళ్లో దొరకదు, ఆ పాస్టర్ ఎక్కడ కాపురం ఉన్నాడో అక్కడ దొరుకుద్ది. మీ వైపు అయితే మిషన్ పని చాలా పాతది, అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ గారు 1842 జూలై 31న గుంటూరు వస్తే 1849 కల్లా గురజాల వెళ్లి పల్నాడులో పని మొదలుపెట్టాడు.

నేను మా అమ్మ వాళ్ల ఊరి కోసం ఇలాగే ఒక పారిష్ సెంటర్‌లో రెండు రోజులు కూర్చున్నా. పొడవాటి పుస్తకం, అట్ట ఊడిపోయి గోనెనూలుతో కట్టి ఉంది. ఒకే తేదీన ముప్పై ఎనిమిది మంది, మొదటి వరసలో ఊరి పేరు, కింద పేజీ చివరి దాకా అదే అదే అని రెండేసి చుక్కలు, నేను ఆ చుక్కలు చూసుకోకుండా మా ఊరు లేదని రెండుసార్లు పేజీ తిప్పేశా! వయసు గడిలో సుమారు 30, సుమారు 45 అనే ఉంటాయి. ఇంటిపేరు సగం మందికి లేదు. మా వాళ్లు దొరికింది భార్యాబిడ్డల పేర్లు వరసగా కలిసినందుకే. కాబట్టి మనిషిని కాకుండా కుటుంబాన్ని వెతకండి.

పేట_అక్క:
తమ్ముడూ, మీ నాయనమ్మ చెప్పిన పళ్లెం మాట వదిలిపెట్టొద్దు. మా నరసరావుపేట వైపు, ఒంగోలు వైపు బాప్టిస్టులు ఎక్కువ, వాళ్లు నీళ్లలో ముంచే ఇస్తారు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చింది వాళ్లే. లూథరన్‌లో తల మీద నీళ్లు పోస్తారు, చంటిబిడ్డలకి కూడా ఇస్తారు. పళ్లెం అందంటే మీరు సరైన మిషన్‌లోనే వెతుకుతున్నట్టు లెక్క. మా బంధువులు ఒకళ్లు ఆర్నెల్లు లూథరన్ పుస్తకాలన్నీ తిరగేసి చివరికి తేలిందేందంటే వాళ్ల తాత బాప్టిస్టు, పెళ్లి తర్వాత అత్తగారి గుడికి మారాడంతే.

పేర్ల గొడవ మాత్రం అందరిళ్లలోనూ ఉంది. 1950 రాష్ట్రపతి ఎస్సీ ఆర్డర్‌తో క్రైస్తవం తీసుకున్న వాళ్లకి ఎస్సీ హోదా పోయింది, మన దగ్గర వాళ్లని బీసీ-సీలో పెట్టారు, ఇహ ఆ హోదా కోసం బడిలో ఒక పేరు గుడిలో ఒక పేరు అయిపోయింది. అందుకే ఒక మాట, దొరికిన పేజీ ఫోటో తీసి ఇక్కడా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమాకండి, ఎవరి కుల సర్టిఫికెట్ మీద ఎవరు పడతారో తెలీదు.

గోదారిగట్టు:
అమెరికా గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, మాది రాజమండ్రి వైపు. 1869 నుంచి 1918 దాకా గుంటూరు, రాజమండ్రి రెండూ వేరే వేరే మిషన్లండీ, అమెరికాలో లూథరన్లు రెండుగా చీలితే గుంటూరు జనరల్ సినడ్‌కి, రాజమండ్రి జనరల్ కౌన్సిల్‌కి వెళ్లాయి. 1918లో అక్కడ కలిశాక ఇక్కడా కలిశాయి, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం అయింది. కాబట్టి మీరు రాసేటప్పుడు గుంటూరు, జనరల్ సినడ్ అని కచ్చితంగా రాయండి, ఉత్త ఆంధ్రా అంటే మా పెట్టెలు తీసి చూపిస్తారు. పాత బోర్డుల కాగితాలు చాలావరకు ఇల్లినాయ్‌లో ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో ఉన్న ఈఎల్‌సీఏ (ఇప్పటి అమెరికా లూథరన్ సంఘం) ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే ఆశ పెట్టుకోకండి, వాటిలో ఎక్కువ రిపోర్టులే, ఫలానా ఫీల్డ్‌లో ఇంతమంది బాప్తిస్మం, ఇన్ని బడులు అని అంకెలు. మీ ముత్తాత అక్కడ ఒక అంకె మాత్రమే. తిరుపతి, నాయుడుపేట వైపు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే మీది ఇంకో దారి, 1865లో వచ్చింది జర్మనీ హెర్మన్స్‌బర్గ్ మిషన్.

పెళ్లి రిజిస్టర్ కూడా చూడండి, 1872 క్రైస్తవ వివాహ చట్టం వల్ల పాస్టర్లు దాన్ని జాగ్రత్తగా రాశారు, తండ్రుల పేర్లు అక్కడే దొరికేవి మాకు.

పల్నాటి_మనవడు:
శనివారం వెళ్లొచ్చానండి! పాస్టర్ గారు మంచాయన, టీ తెప్పించి మరీ బీరువా తీశారు. మా ఊరి పేరు, కింద తొమ్మిది మందికి చుక్కలు (పాతకాగితం గారూ, మీరు చెప్పకపోతే నేనూ తిప్పేసేవాణ్నే). అయిదో వరసలో సుమారు 35, ఇంటిపేరు లేదు, కానీ కింద ముత్తవ్వ పేరు, పెద్ద తాత పేరు, ఆ వరసలోనే ఉన్నాయి. ముత్తాత పాత పేరున్న గడి మాత్రం పక్క పేజీకి అంటుకుపోయింది. కొంచెం తడి చేసి విడదీద్దామా అన్నా, ఆయన వద్దన్నారు.

పాతకాగితం:
ఆయన మాటే వినండి. తడి తగిలితే సిరా మొత్తం పోద్ది, సెల్లోటేపు, లామినేషన్ కూడా చేయనివ్వకండి. విడదీసే పని తెలిసినవాళ్లని ఆర్కైవ్స్ వాళ్లని అడిగి పిలిపించుకోవాలి, ఈలోపు వెనక నుంచి లైట్ వేసి ఆ పేజీ ఫోటో తీసి చూడండి, మాకు ఒకచోట అక్షరాలు తిరగబడి కనపడ్డాయి.