కోడ్ రాయడం వచ్చు, డిజైన్ రావడం లేదు. ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: పైథాన్, ఎస్‌క్యూఎల్ వచ్చు. బస్ టికెట్ బుకింగ్ లాంటిది మొదటినుంచీ కట్టమంటే మాత్రం చేతులు ఆడటం లేదు. ఏ నైపుణ్యం తక్కువైనట్టు?

జవాబు 1: డేటా గురించి ఆలోచించడం. స్క్రీన్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు బస్సు, ట్రిప్పు, సీటు, బుకింగ్ టేబుళ్లు కాగితం మీద గీయండి. ఇప్పుడు ఆఖరి సీటును ఇద్దరు ఒకేసారి నొక్కారనుకోండి. ఖాళీ ఉందో లేదో చూసి, ఆ తర్వాత ఇన్సర్ట్ చేసే (బుకింగ్ టేబుల్లో కొత్త వరుస చేర్చే) కోడ్ ఆ సీటును ఇద్దరికీ అమ్మేస్తుంది. మొదటివారి ఇన్సర్ట్ పూర్తికాకముందే రెండోవారికీ ఖాళీ అనే కనిపిస్తుంది కదా! ట్రిప్పు, సీటు నంబర్లు కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే జత రెండుసార్లు రాకూడదనే నియమం) పెడితే రెండో ఇన్సర్ట్‌ను డేటాబేసే తిప్పికొడుతుంది.

జవాబు 2: పై మాట నిజమే, కానీ టికెట్ రద్దయ్యాక ఆ వరుస టేబుల్లోనే ఉంటే సీటు మళ్లీ అమ్ముడుపోదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే రద్దుకానివాటికి మాత్రమే వర్తించే పార్షియల్ యూనిక్ ఇండెక్స్ పెట్టండి. డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా ఉంచే సంఖ్య రకంలో) అస్సలు దాచొద్దు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది. రూ.549.50ని 54950 పైసలుగా పూర్ణాంకంలో ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: పేమెంట్ మధ్యలో ఆగిపోతే?

జవాబు 1: సీటును హోల్డ్‌లో పెట్టి గడువు సమయం రాయండి, 10 నిమిషాలు చాలు. గడువు దాటాక డబ్బు వచ్చినట్టు పేమెంట్ గేట్‌వే (చెల్లింపు నడిపే సేవ) చెబితే, సీటు ఇంకా ఖాళీగా ఉంటే ఇవ్వండి, లేదంటే రీఫండ్. అదే సమాచారం రెండుసార్లు రావచ్చు కాబట్టి పేమెంట్ ఐడీకి కూడా యూనిక్ ఉండాలి.